తలా ఒక దోసెడు

ఈమధ్య హారిక అనే అమ్మాయి మంగళగిరిలో మా ఇంటికి వచ్చింది. నేను రిటైరైన డిపార్ట్‌మెంట్‌లోనే కొత్తగా చేరిందట. ఎంబీఏ పిల్లలకు ఎంట్రప్రెన్యూర్‌షిప్, అంటే కొత్త వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి అనే పాఠం చెప్పాలి. నేను పాతికేళ్ల పైన చెప్పింది అదే.

"మేడమ్, మీ నోట్స్ ఏమైనా ఉంటే ఇస్తారా? జిరాక్స్ తీసుకుని తెచ్చిచ్చేస్తాను" అంది.

నోట్సన్నీ రిటైరైన మర్నాడే పాత పేపర్లవాడికి వేసేశాను. ఆ మాట చెప్పగానే పాపం చిన్నబుచ్చుకుంది. కాఫీ ఇచ్చి పంపించాను గానీ, కొత్తగా వచ్చిన పిల్లను ఉత్త చేతులతో పంపించానే అని తర్వాత నాకే మనసు పీకింది. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్ల సంగతులుండవు. హారికా, కమిటీల గురించి, రిపోర్టుల గురించి చెప్పేవాళ్లు నీకు అక్కడే బోలెడుమంది దొరుకుతారు. నేను చెప్పేది ఒక పెద్దాయన గురించి, ఇద్దరు విద్యార్థుల గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి. తప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టు.

మొదటి వారం

మాది మంగళగిరి. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. మా ఇంట్లో చీర నేయడం వచ్చుగానీ అమ్మడం ఎవరికీ రాదు. అది షావుకారు చూసుకునేవాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చి, వ్యాపారం ఎలా చేయాలో లోకానికి చెప్పే ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నాకంత తెలిసినవాళ్లు లేరనుకున్నాను.

మొదటి క్లాసులో బోర్డు నిండా నిర్వచనాలు రాశాను. రాసి వెనక్కి తిరిగేసరికి వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. పేరు నాగరాజు, ఊరు చీమకుర్తి, వాళ్ల నాన్నకు గ్రానైట్ రాళ్లు తోలే లారీలుండేవి.

"మేడం, మీరెప్పుడన్నా ఏమన్నా అమ్మారా అండీ?"

వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. కానీ క్లాసంతా గొల్లుమంది. చాక్‌పీసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా హెడ్ శేషగిరి గారు అప్పుడే వరండాలో వెళ్తున్నారు. తలుపు దగ్గర ఆగి, లోపలికి వచ్చి, బెంచీ మీద నాకు చోటు చూపించి తనూ పక్కన కూర్చున్నారు.

"ఆమె అమ్మలేదురా, నేనూ అమ్మలేదు. మీ నాన్న అమ్ముతాడుగా? ఇటొచ్చి చెప్పు, మేమిద్దరం వింటాం" అన్నారు.

నాగరాజు ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత రాయి ఎలా కొలుస్తారో, పగులు కనిపించకుండా ఎలా నీళ్లు పోసి చూపిస్తారో, కొనేవాడు దాన్ని ఎలా పట్టేస్తాడో అరగంట చెప్పాడు. నా నిర్వచనాలన్నీ ఆ అరగంటలో ఉన్నాయి. శేషగిరి గారు బయటికొచ్చాక నన్ను ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. "ఈ వారం నీ క్లాసు మనిద్దరిదమ్మా. వచ్చే సోమవారం నుంచి నీ ఒక్కదానిది" అన్నారు. ఆ వారమంతా రోజూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను తడబడిన చోటల్లా చెయ్యెత్తి, ఏమీ తెలియనివాడిలాగా ఒక తేలిక ప్రశ్న వేసేవారు. దానికి జవాబు చెబుతూ నేను దారిలో పడేదాన్ని. సోమవారం నుంచి రాలేదు.

ఆయన కింద పదకొండేళ్లు పనిచేశాను. నాకు దొరికిన అదృష్టాల్లో అది పెద్దది.

పిల్లలు ఎందుకొస్తారు

హారికా, ఒక మాట సూటిగా చెబుతాను. నీ క్లాసులో సగం మంది వ్యాపారం చేద్దామని రారు. వేరే చోట సీటు రాక వస్తారు. ప్రాజెక్టు అంటే పక్కవాడిది చూసి రాస్తారు. ఒక ఏడాది అందరూ పుట్టగొడుగులు పెంచారు, ఇంకో ఏడాది అందరూ మంచినీళ్ల ప్లాంటు పెట్టారు, ఆ తర్వాత అందరూ మొబైల్ యాప్ చేశారు. అన్నీ కాగితం మీదే. ఒళ్లు మండుతుంది. మండినా చదవాలి, ఎందుకంటే ఆ కట్టలోనే ఎక్కడో ఒకటి నిజమైనది ఉంటుంది.

నాగరాజుది అలాంటిదే. క్వారీ దగ్గర పారేసే గ్రానైట్ ముక్కలతో గడపలు, తులసికోటలు చేసి అమ్మడం. బ్రహ్మాండమైన ఆలోచన. నేను పదిమందికి చెప్పుకుని మురిసిపోయాను. చదువవగానే వాడు వెళ్లి బ్యాంకులో చేరాడు. స్వీట్ల పెట్టెతో వస్తే మొహం మీదే కడిగేశాను, ఇంత చెబితే చివరికి గుమాస్తా పనా అని.

"మేడం, లారీలు ఆగిపోయిన నెల మా ఇంట్లో ఎట్టుంటదో మీరు చూళ్లేదండీ. నేను చూశాను. మీరు చెప్పిన పాఠంతోనే లెక్కేసుకున్నానండీ, నా వల్ల కాదని తెలిసింది" అన్నాడు.

పెట్టె అందుకుని ఒక లడ్డూ నోట్లో వేసుకున్నాను, ఇంకేం చేస్తాను. నీ పాఠం విని ఒకడు వ్యాపారం మొదలుపెట్టకపోతే అది కూడా పాఠం అర్థమైనట్టే. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎర్ర సిరా

సువార్త పర్చూరు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. వాళ్ల పేటలో పీజీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. మాటలు తక్కువ. వాళ్లమ్మ మరియమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ. పొగాకు తగ్గి మిర్చి పెరిగాక ఆ వైపు ఆడవాళ్లకు ఎక్కువగా అదే పని. కోల్డ్ స్టోరేజీ షెడ్డులో కాయల కుప్ప చుట్టూ కూర్చుంటారు, తొడిమ తుంచి కాయ తట్టలో వేస్తారు. సాయంత్రం ఎవరి తట్టలు వాళ్లవి తూకం వేసి, తూకాన్ని బట్టి కూలి ఇస్తారు.

సువార్త రాసిన ప్లాను పేరు 'మరియమ్మ ముఠా'.

ముఠా అంటే నీకు పోలీసులు పట్టుకునేది గుర్తొస్తుంది, నాకూ అదే గుర్తొచ్చింది. మిర్చి పనివాళ్లకు ముఠా అంటే కలిసి పని ఒప్పుకుని కలిసి చేసే జట్టు. మధ్యలో మేస్త్రీ లేకుండా, మరియమ్మతో కలిసి పనిచేసే పన్నెండు మంది ఆడవాళ్లే నేరుగా కోల్డ్ స్టోరేజీలతో తొడిమ తీసే పని ఒప్పుకోవాలన్నది ఆమె ఆలోచన. అందులో ముఠా కట్టుబాట్లన్నీ వరసగా రాసింది. కాయలు పొద్దున్నే మంచు పదునుకు మెత్తగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, ఎండ ముదిరాక కాయ పెళుసై విరుగుతుంది కాబట్టి ఆపి, చల్లబడ్డాక మళ్లీ పట్టాలి. కాయల మీద నీళ్లు చల్లకూడదు. ముసలివాళ్లకు తాలు కాయలు, అంటే రంగుపోయిన తెల్లకాయలు ఏరే పని ఇవ్వాలి. ఆ కింద ఇంకొకటి: 'కొత్తగా చేరిన మనిషి తట్టలో మొదటి వారం తలా ఒక దోసెడు పోయాలి.'

కొత్తవాళ్లకు చెయ్యి తిరగదు. వేళ్లు మండుతాయి. పూట గడిచేసరికి తట్ట అడుగు కూడా నిండదు. అందుకని మొదటి వారం మిగతావాళ్లు తమ తట్టల్లోంచి తలా ఒక దోసెడు ఆమె తట్టలో పోస్తారట.

నేను ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టేశాను. పక్కన 'ఇది ధర్మం, వ్యాపారం కాదు. ఎవరి సామర్థ్యం ఎంతో తెలియాలి' అని రాశాను. పైన పేరు కూడా కొట్టేసి 'ముఠా అనేది సంస్థ కాదు' అని రాశాను.

పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. "కూలి పనిని కాగితం మీద పెడితే వ్యాపారం అయిపోదు సువార్తా. కారం పొడి చెయ్యి. ప్యాకెట్ మీద పేరుండాలి. ఒక్కొక్కళ్లు రోజుకు ఎన్ని తట్టలు తీయాలో ముందే పెట్టు. ఎవరి తట్ట వాళ్లదే."

"మా అమ్మోళ్లు అట్టా చెయ్యరండీ మేడం."

"చేయించాలి. అందుకేగా చదువుకుంటున్నావు."

తల ఊపింది. ప్లాను మార్చి రాసింది. ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకే వేశాను.

పొడి

మిగతావాళ్లు ప్రాజెక్టు కట్ట బైండు చేయించి మర్చిపోతారు. సువార్త నిజంగా మొదలుపెట్టింది. బ్యాంకులో అప్పు తీసుకుని కారం మర పెట్టింది. అమ్మ ముఠాలో పన్నెండు మందీ కోల్డ్ స్టోరేజీ పని మానుకుని ఆమె దగ్గరికొచ్చారు. వాళ్లు వదిలిన చోటు ఆ వారమే వేరే జట్టుకు ఇచ్చేశారు. అది మనం పుస్తకాల్లో చదివే 'రిస్కు'. అక్కడ అది పన్నెండు ఇళ్ల అన్నం.

నేను రిబ్బన్ కత్తిరించడానికి వెళ్లాను. గోడ మీద చార్టు చూసి పొంగిపోయాను. పన్నెండు పేర్లు, ఒక్కో పేరుకు ఎదురుగా రోజుకిన్ని తట్టలని నేను చెప్పినట్టే గీసింది.

నెలన్నర తర్వాత ఫోన్ చేసింది. ఒంగోలులో షాపువాళ్లు సరుకంతా వెనక్కి పంపేశారని చెప్పింది. ప్యాకెట్ విప్పితే బూజు వాసనట.

మర్నాడే బస్సెక్కి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, ఎవరో ఒకరిని పట్టుకుని దులపాలన్న కోపంతోనే వెళ్లాను. షెడ్డులో మరియమ్మ ఒక్కతే ఉంది. మిగతావాళ్లు రావడం మానేశారట. కాయల మీద నీళ్లు ఎవరు చల్లారని గట్టిగానే అడిగాను. నీళ్లు కొడితే కాయ మెత్తబడి తొడిమ గబగబా ఊడుతుంది, తూకం కూడా పెరుగుతుంది. కానీ లోపల బూజు పడుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు.

"కరుణ కొట్టిందండీ" అంది మరియమ్మ. కరుణ ఆ మధ్యనే ఆ పేటకు కోడలిగా వచ్చి ముఠాలో చేరిన పిల్ల. "దాన్ని చూసి ఇంకో ఇద్దరు కొట్టారు. అయితే ఒక మాటడుగుతానండీ మేడంగారూ, ఏమనుకోబాకండి. ముప్పై ఏళ్ల నుంచి చేస్తన్నాం. మునుపు ఎవురన్నా కొట్టారా? కొట్టలా. కొత్త పిల్లకి తలా దోసెడు పోసేవాళ్లం, దానికి చెయ్యి తిరిగిందాకా. మీరేమో ఎవురి తట్ట వాళ్లదే అంటిరి, గోడ మీద పేర్లు పెడితిరి. అది పొద్దుగూకేలోపు తట్టలు నిండకపోతే ఏం జేస్తది? నీళ్లు గొట్టుద్ది."

నేను అక్కడున్న బస్తా మీద కూర్చుండిపోయాను. నేను కొట్టేసిన ఆ ఒక్క వాక్యం పోయినందుకే ఇదంతా జరిగింది. ఆమె అరవలేదు, తిట్టలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చింది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. సరుకు పోయినందుకన్నా, పేటలో ఎవరూ సువార్తతో మాట్లాడకపోవడం ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. చదువుకున్నదాన్ని నమ్మి ఉన్న పని పోగొట్టుకున్నామని అంటున్నారట. చర్చిలో తల్లీకూతుళ్ల పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. "దాన్ని యాడికన్నా ఉద్యోగానికి పొమ్మంటన్నానండీ. ఇక్కడుంటే చచ్చిపోద్ది మనసు" అంది.

ఆదివారం

యూనివర్సిటీకి వచ్చి బీరువాలో సువార్త మొదటి ప్లాను వెతికి తీశాను. ఆ కాగితాలు ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఆ పల్లెకు మళ్లీ వెళ్లి, చర్చిలో చివరి చాప మీద కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక పాస్టరుగారిని రెండు నిమిషాలు అడిగి లేచి నిలబడ్డాను. మొదటి క్లాసు రోజు గుర్తొచ్చింది. ఈసారి వరండాలో శేషగిరి గారు లేరు.

"తప్పు సువార్తది కాదు, కరుణది కాదు. నాది. ఈ పిల్ల మొదట మీ పద్ధతే రాసింది. నేనే కొట్టేశాను. ఏం రాసిందో వినండి" అని చదివాను.

మంచు పదును సంగతి చదివాను. ముసలివాళ్లకు తాలు కాయలు ఇచ్చే సంగతి చదివాను. ఎవరి దగ్గర ఏ పని నేర్చుకుందో పేర్లు రాసింది, అవీ చదివాను. తన పేరు వినబడినప్పుడు ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకనుంచి ఇంకొకామె, "మమ్మల్ని కాగితం మీద రాసిందా ఈ పిల్ల?" అని పైకే అడిగింది. దోసెడు దగ్గరికొచ్చేసరికి ఆగి, పక్కన నేను ఎర్ర సిరాతో రాసింది కూడా చదివాను. అది చదవడం కష్టమైంది.

చదవడం అయ్యాక మరియమ్మ పక్కన ఖాళీగా ఉన్న చోటులోకి కరుణ లేచి వచ్చి కూర్చుంది. తర్వాత ఇంకొకామె వచ్చింది. సువార్త తల వంచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

మర అమ్మేశారు. మొదటి ప్లాను ప్రకారం ముఠాగానే మళ్లీ మొదలుపెట్టారు. పాత చోటు పోయింది కాబట్టి సువార్త ఊరూరూ తిరిగి ఇంకో కోల్డ్ స్టోరేజీలో పని ఒప్పుకుంది. ఆ సీజను చాలా ఇబ్బంది పడ్డారు. రెండో సీజనుకు, నీళ్లు కొట్టని కాయ ఈ ముఠా దగ్గరే దొరుకుతుందని పేరొచ్చింది. ఇప్పుడు మూడుచోట్ల పని నడుస్తోంది. ఎక్కడా గోడ మీద చార్టు లేదు.

ఆ తర్వాత నా క్లాసులో ఎర్ర సిరా వాడలేదు. ఏ ప్లాను వచ్చినా మొదట ఆ ఊరు వెళ్లి, అక్కడి వాళ్లు ఆ పని ఇప్పటికే ఎలా చేస్తున్నారో చూసొచ్చి, ఆ తర్వాతే నోరు విప్పేదాన్ని. విద్యార్థులు నన్ను బస్సు మేడం అనేవారు. ఆ పేరు నాకు ఇష్టం.

నా తట్ట

రిటైరైన తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో సువార్త ఫోన్ చేసి రమ్మంది. శాలువాలూ దండలూ ఉంటాయేమోనని భయపడుతూనే వెళ్లాను. అలాంటివేమీ లేవు. పొద్దున్నే షెడ్డులో పని మొదలైంది. మరియమ్మ నాకొక పీట వేసి, ముందు ఒక ఖాళీ తట్ట పెట్టింది.

"వ్యాపారం చెప్పారు గదండీ ఇన్నేళ్లు. పని కూడా చూడండి" అంది. అందరూ నవ్వారు.

కూర్చున్నాను. గంట తిరిగేసరికి వేళ్లు భగ్గుమన్నాయి. ముక్కు కారింది, తుమ్ములు ఆగలేదు. తొడిమ తుంచబోతే కాయ చీలిపోయేది. పక్కవాళ్లు మాట్లాడుకుంటూనే రెండు తట్టలు నింపారు. నాది అడుగు కూడా కప్పలేదు. నా అరవై ఏళ్ల జీవితంలో అంత చేతకానిదానిగా ఎప్పుడూ కూర్చోలేదు.

అప్పుడు ఎదురుగా ఉన్న మనిషి లేచింది. కరుణ. ఇప్పుడు ఒక షెడ్డు అంతా తనే చూసుకుంటోంది. తన తట్టలోంచి రెండు చేతులా తీసి ఒక దోసెడు నా తట్టలో పోసింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"కొత్తోళ్లు గదండీ" అంది.

ఆమె వెనక ఇంకొకామె లేచింది, ఆమె వెనక మరొకామె. వరసగా వచ్చి తలా ఒక దోసెడు పోసి వెళ్లి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. చివర్న మరియమ్మ పోసింది. సాయంత్రం తూకం వేస్తే నా తట్ట ఎవరి తట్టకూ తీసిపోలేదు. నేను తీసినవి అడుగున ఎక్కడో నాలుగు గుప్పిళ్లు ఉంటాయి.

బస్సులో మంటెక్కుతున్న వేళ్లు చూసుకుంటూ ఉద్యోగమంతా తలుచుకున్నాను. వెనక బెంచీలో శేషగిరి గారు, గ్రానైట్ గురించి చెప్పిన నాగరాజు, నీళ్లు తెచ్చిచ్చిన మరియమ్మ. పాతికేళ్లూ నా తట్ట నింపింది వీళ్లే. చాలామందికి చెప్పుకోలేకపోయాను, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

హారికా, నోట్సు లేవు. నీ మొదటి క్లాసు సోమవారమని చెప్పినట్టు గుర్తు. మంగళగిరి నుంచి బస్సు ఎన్నింటికో నాకు తెలుసు. వెనక బెంచీలో నాకు కాస్త చోటు ఉంచు, ఆ వారం తేలిక ప్రశ్నలు నేను వేస్తాను.